కొమర్రాజు లక్ష్మణరావు పంతులు

నూటయిరువదియేండ్లకు పూర్వము తెలుగుదేశమున చదువ నేర్చిన బాలుడొకడు, సూర్యగ్రహణ మెట్లు పట్టునో, నీరు ఆవిరి యెట్లగునో, అశోకు డనురాజు ఏ కాలమువాడో తెలిసికొన గోరెననుకొందము. అతనికి తెలుగున ఆ విషయములను చెప్పు పుస్తకము లభించుట మిక్కిలి దుర్లభము. పురాణము లుండెను, ప్రబంధములును శతకములును ఉండెను, వీధులలో అమ్మెడు యక్షగానములును పాటల పుస్తకములును ఉండెను. కాని లోకవృత్తాంతమును, ప్రకృతి మర్మములను, దేశచరిత్రను సులభమైన తెలుగున బోధించు గ్రంథములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే ఉండెను. ఆంగ్లము నేర్చినవారికే ఆ జ్ఞానమందిరపు తలుపులు తెరువబడెడివి. అక్షరములు నేర్చినవారే కొలదిమందిగా నున్న ఆ కాలమున, ఆంగ్లము వచ్చినవారు ఇంకెంత కొలదిమందియో చెప్పనక్కరలేదు.

ఈ తలుపులను అందరికిని తెరువవలెనని తన బ్రతుకంతయు పాటుపడిన మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు.

లక్ష్మణరావు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించెను. తండ్రి వేంకటప్పయ్య, తల్లి గంగమాంబ. బాలునికి మూడేండ్లు నిండునప్పటికే తండ్రి గతించెను. కుటుంబభారము సవతియన్నయగు శంకరరావుపై బడెను. ఆయన నైజాము రాష్ట్రమునందలి భువనగిరిలో నుండుటచే లక్ష్మణరావునకు అక్షరాభ్యాసమును మొదటి చదువును అచ్చటనే జరిగెను. పిదప అతడు దూరముననున్న నాగపురమునకు పోవలసివచ్చెను. అచ్చట అతని అక్క అచ్చమాంబ కాపురము చేయుచుండెను. ఆమె భర్త బండారు మాధవరావు ఇంజనీరు ఉద్యోగమున నుండెను. తండ్రిలేని తమ్ముడు అక్కయింట చేరి చదువుకొనసాగెను.

ఈ అచ్చమాంబను గూర్చి కొంత చెప్పకున్నచో లక్ష్మణరావు జీవితకథ సమగ్రము కాదు. ఆమె తమ్ముని కంటె మూడేండ్లు పెద్దది. చిన్నతనముననే వివాహమయ్యెను. ఆ కాలపు ఆచారము ననుసరించి ఆమెను బడికి పంపినవారు లేరు. తమ్ముడు బడినుండి వచ్చి పాఠములు వల్లించుచుండగా అక్క ప్రక్కనే కూర్చుండి వినెడిది. విన్నదానిని తానును వ్రాసికొనెడిది. తమ్ముడు నేర్చుకొన్న దెల్ల అక్కకు నేర్పెడివాడు. ఇట్లు ఒక విద్యార్థికై కొన్న పుస్తకములతో ఆ యింట ఇద్దరు చదువుకొనిరి. తెలుగు, హిందీ, మహారాష్ట్ర భాషలు ఆమెకు ఈ విధముగనే అలవడెను. పుట్టిన బిడ్డలిద్దరును చనిపోవగా ఆమె ఆ దుఃఖమును దిగమ్రింగి పుస్తకములలోను పరోపకారములోను కాలము గడిపెను. మన దేశమునందలి వీరవనితల, విదుషీమణుల, పతివ్రతల చరిత్రములను పెక్కు గ్రంథములనుండి సేకరించి అబలాసచ్చరిత్ర రత్నమాల యను పుస్తకమును రచించెను. స్త్రీలకు విద్య తగదనియు, చదివినచో వారు చెడిపోవుదురనియు పెద్దలు వాదించుచున్న ఆ దినములలో, బడి గడప త్రొక్కని యొక యిల్లాలు ఇట్టి గ్రంథమును వ్రాయుట సామాన్యమైన విషయము కాదు. 1902వ సంవత్సరమున ఆమె వ్రాసిన ధనత్రయోదశి యను కథ తెలుగున వెలసిన తొలి కథానికలలో నొకటి. అదే సంవత్సరమున ఆమె బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీల సమాజమును స్థాపించెను. 1905వ సంవత్సరము జనవరి నెలలో, ముప్పదియేండ్లు నిండిన కొలది కాలమునకే ఆమె మరణించెను. మరుసటి యేట తమకు కుమార్తె పుట్టగా లక్ష్మణరావు దంపతులు ఆమెకు అచ్చమాంబ యనియే పేరు పెట్టిరి. ఆ బాలిక పెరిగి వైద్యురాలై, 1957లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను.

నాగపురమున లక్ష్మణరావు విద్యార్థిగా నున్న కాలమున మహారాష్ట్ర భాష నూతన చైతన్యముతో విజృంభించుచుండెను. పత్రికలు ప్రజలను మేలుకొలుపుచుండెను. పండితులు పాత కాగితములను, శాసనములను వెదకి తమ దేశచరిత్రను తామే వ్రాసికొనుచుండిరి. లక్ష్మణరావు ఆ భాషను మాతృభాషవలె నేర్చి, అందు వ్యాసములు వ్రాసి, ఆ దేశపు విద్వాంసుల మెప్పును బడసెను. అతడు సంస్కృతము, హిందీ, ఉర్దూ, వంగము మొదలగు భాషలలోను ప్రవేశము సంపాదించెను. ఇన్ని భాషలు వచ్చినవాడు ఏ భాషలోనైనను కీర్తి గడింపవచ్చును. ఆయన హృదయమున మాత్రము ఒక బాధ గూడుకట్టుకొనెను. మహారాష్ట్ర బాలునకు లభించు పుస్తకములు తెలుగు బాలునకు ఏల లభింపవలదు? తెలుగున శక్తి లేకనా? వ్రాయువారు లేకనా? ఈ ప్రశ్నలకు సమాధానముగా ఆయన విద్యార్థి దశ దాటకముందే శివాజీ చరిత్రమును తెలుగున రచించెను.

1900వ సంవత్సరమున ఆయన బి. ఏ. పరీక్షయందును, రెండేండ్లకు కళాశాలలో చేరకయే స్వయముగా చదువుకొని ఎం. ఏ. పరీక్షయందును ఉత్తీర్ణుడయ్యెను. అంతకుముందే ఆయనకు మునగాల సంస్థానమున ఉద్యోగము లభించినది.

ఆ సంస్థానపు స్థితి విచిత్రమైనది. చుట్టును నైజాము రాజ్యము. నడుమ మునగాల మాత్రము ఇంగ్లీషువారి పాలనలోని కృష్ణామండలమునకు చేరినది. సముద్రమధ్యమున ద్వీపమువలె నుండెను. దానికి ప్రభువు రాజా నాయని వేంకట రంగారావు బహదూరు. ఆయన విద్యాభిమాని. జమీందారులు పలువురు నాట్యములకును వేటలకును ధనమును వ్యయపెట్టుచుండగా, ఈయన పుస్తకములకై వ్యయపెట్టుటకు వెనుదీయలేదు. లక్ష్మణరావుగారు ఆ సంస్థానమునకు దివాను పదవి వహించి, లెక్కలను, వ్యాజ్యములను చక్కబెట్టుచునే, మిగిలిన వేళలను గ్రంథపఠనమునకు వినియోగించిరి. ప్రభువు ధనమును, దివాను బుద్ధియు ఒక్క త్రోవను నడచుట తెలుగువారి భాగ్యము.

ఆనాటి నైజాము రాష్ట్రమున తెలుగు మాటలాడువారే ఎక్కువమంది. కాని కచేరీలయందును న్యాయస్థానములయందును ఉర్దూయే చెల్లుచుండెను. బడులలోను దానికే ప్రాముఖ్యము. హైదరాబాదు నగరమున విద్యావంతులగు తెలుగువారు తమలో తాము సైతము పరభాషలోనే సంభాషించుకొనెడివారు. తల్లిభాషలో మాటలాడుట చిన్నతనముగా తోచెడిది. ఇట్టి తరుణమున 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన కొందరు మిత్రులు హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి గృహమున సమావేశమైరి. మునగాల రాజావారును లక్ష్మణరావుగారును అందు ముఖ్యులు. ఆ దినమున వారు స్థాపించిన గ్రంథాలయమునకు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమని పేరు పెట్టిరి. సాహితీసమరాంగణ సార్వభౌముడని కొనియాడబడిన తెలుగురాయని పేరు వినగానే తెలుగువాని తల నిటారుగా నిలుచునని వారి తలంపు కాబోలు.

గ్రంథాలయమనగా నేడు మనకు వింత కాదు. ఆనాడు అట్లు కాదు. పుస్తకమనునది ఇంటిపెట్టెలో పట్టుగుడ్డ చుట్టి దాచుకొను సొత్తు. ఒకరి పుస్తకమును వేరొకరికి ఇచ్చుట అరుదు. పుస్తకము చేతిని, వనితను, విత్తమును పరుల చేతి కీయరాదని చెప్పు మాట లోకమున వాడుకలో నుండెను. ఆ మాటను త్రోసిపుచ్చి, ఎవరైనను వచ్చి కూర్చుండి చదువుకొనవచ్చునని తలుపులు తెరచుట సాహసమే. రంగారావుగారి యింట పుట్టిన ఆ నిలయము క్రమముగా పెరిగి సుల్తాను బజారున స్వంత భవనమును సంపాదించుకొనెను. పుస్తకములు చదువుటకు వచ్చినవారు అచ్చట ఒకరినొకరు ఎరిగిరి, ఉపన్యాసములు వినిరి, తెలుగున మాటలాడుటకు జంకు మానిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రుని పేరను, 1905లో సికిందరాబాదునందు ఆంధ్ర సంవర్ధిని యను పేరను మరి రెండు గ్రంథాలయములు వెలసెను. తరువాతి కాలమున నైజాము రాష్ట్రమునందు కలిగిన ప్రజాచైతన్యమునకు ఈ పుస్తకపు బీరువాలే మొదటి మెట్లు.

బీరువాలు సిద్ధమయ్యెను. వానిలో నుంచుటకు తగిన పుస్తకము లేవి? ఈ చిక్కు లక్ష్మణరావుగారికి త్వరలోనే తెలియవచ్చినది. చదువుడని ప్రజలను ప్రోత్సహించుట సులభము. వారు చదువ వచ్చినప్పుడు వారి చేతిలో నుంచవలసినది లేకున్నచో ఆ ప్రోత్సాహము నిష్ఫలము. కావున 1906వ సంవత్సరమున ఆయన, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు మొదలగువారి తోడ్పాటుతో విజ్ఞానచంద్రికా మండలిని హైదరాబాదున స్థాపించిరి. పండితులకొరకు గాక సామాన్య పాఠకులకొరకు చరిత్రలను, జీవితములను, శాస్త్రగ్రంథములను తెలుగున వ్రాయించి వరుసగా అచ్చువేయుట దాని కార్యము.

మండలి వెలువరించిన మొదటి గ్రంథము హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్ర. కట్టెలు కొట్టి, ఎరువు తెచ్చుకొన్న పుస్తకములను చదివి, అమెరికా అధ్యక్షుడైన పేదబాలుని కథను తొలిపుస్తకముగా ఎన్నుకొనుటలో మండలివారి ఉద్దేశము స్పష్టముగనే యున్నది. పిమ్మట లక్ష్మణరావుగారు స్వయముగా హిందూమహాయుగము, మహమ్మదీయమహాయుగము అను భారతదేశ చరిత్రభాగములను రచించిరి. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రమును 1910లో మండలియే ప్రకటించెను. తెలుగువారికి తమ పూర్వుల చరిత్రను ఇంత విపులముగా తెలిపిన పుస్తకము అంతకుముందు లేదు. వైద్యుడగు ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రమును, వేమూరి విశ్వనాథశర్మ రసాయనశాస్త్రమును, కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రమును వ్రాసిరి. నవలలకు పోటీలు ఏర్పరచి బహుమతు లిచ్చిరి. శాస్త్రము చేదుగా నున్నచో నవలయను తేనెతో చదువరిని చేరదీయవలెనను యుక్తి ఇందు కనబడుచున్నది.

శాస్త్రమును తెలుగున వ్రాయుట చెప్పినంత తేలిక కాదు. ప్రాణవాయువును ఏమని పిలువవలెను? ఒత్తిడికి, వేగమునకు, ఉష్ణమునకు ఏ మాట వాడవలెను? సంస్కృతపదము చేర్చినచో సామాన్యునకు తెలియదు. ఆంగ్లపదమును ఉన్నదున్నట్లు వాడినచో చదువరి నోరు తిరుగదు. కేవలము పల్లెమాట తీసికొన్నచో పండితుడు నవ్వును. రచయితలు మాట వెంట మాటను తూచి, కొత్తవానిని కల్పించి, పాతవానికి కొత్త యర్థము నిచ్చి ముందుకు సాగవలసివచ్చెను. లక్ష్మణరావుగారు వచ్చిన ప్రతి వ్రాతప్రతిని శ్రద్ధతో పరిశీలించెడివారు. నేడు విద్యార్థులు పాఠశాలలో అనాయాసముగా పలుకు శాస్త్రపదములకు వెనుక ఇట్టివారి శ్రమ యెంతయో కలదు.

1908లో మండలి మదరాసు నగరమునకు మారినది. ఆ సంవత్సరమే హరిసర్వోత్తమరావు స్వరాజ్య పత్రికలోని రచన కారణముగా రాజద్రోహ నేరముపై కారాగారమునకు పోయెను. కుడిభుజము వంటి మిత్రుడు చెరసాలలో నుండగా మండలి భారమంతయు లక్ష్మణరావుగారిపై బడెను. అయినను గ్రంథములు వెలువడుట ఆగలేదు.

మదరాసున ఆయన నివసించిన గృహమునకు వేదవిలాసమని పేరు. అది రచయితలకును పరిశోధకులకును సత్రము వంటిది. కందుకూరి వీరేశలింగము పంతులు తన చివరి దినములను ఆ యింటనే గడిపి 1919వ సంవత్సరము మే నెలలో అచ్చటనే కన్నుమూసిరి. తెలుగున నూతన వచనమునకు త్రోవ తీర్చిన వృద్ధుడు, ఆ త్రోవను విజ్ఞానశకటమును నడిపించిన వాని గృహమున విశ్రమించుట యాదృచ్ఛికమే యైనను, ముచ్చటైన విషయము.

ఇన్ని పుస్తకములను వెలువరించిన పిదపను లక్ష్మణరావుగారికి తృప్తి కలుగలేదు. ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క పుస్తకము చొప్పున వ్రాయించినచో ఎన్ని తరములు పట్టును? ఆంగ్లేయులకు ఎన్‌సైక్లోపీడియా యున్నట్లు, లోకమునందలి విద్యల సారమంతయు అకారాదిక్రమమున ఇమిడియుండు మహాగ్రంథము తెలుగున ఏల ఉండరాదు? 1912–13 ప్రాంతమున ఆయన ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును ఆరంభించిరి.

ఇట్టి గ్రంథము ఎంతటి కార్యమో యోచింపుడు. అణువు, అరటి, అశోకుడు – ఈ మూడును ఒక్క అక్షరము క్రిందనే రావలెను. మొదటిదానికి భౌతికశాస్త్రజ్ఞుడు, రెండవదానికి వృక్షశాస్త్రజ్ఞుడు, మూడవదానికి చరిత్రకారుడు కావలెను. ఆ ముగ్గురికిని తెలుగు చక్కగా వ్రాయ వచ్చియుండవలెను. ఒకరు ఆలస్యము చేసినచో తరువాతి పుటలన్నియు నిలిచిపోవును; ఏలయన అక్షరక్రమమును దాటి అచ్చువేయ వీలులేదు. దేశములను పాలించు ప్రభుత్వములును, పెద్ద విద్యాసంస్థలును చేయదగిన పనిని ఒక వ్యక్తి తన భుజములపై వేసికొనెను. వ్రాయువారు దొరకని విషయములను లక్ష్మణరావుగారు తామే చదివి తామే వ్రాసిరి. వేదములను గూర్చియు, గణితమును గూర్చియు, చరిత్రను గూర్చియు ఒకే కలము వ్రాయవలసివచ్చెను. ఇది దుస్సాహసమని ఎవరైన ననినచో కాదనుట కష్టము. లెక్క చూచుకొన్నవాడు ఇట్టి పనికి పూనుకొనడు.

ఆ కార్యమున తోడ్పడిన యువకులలో మల్లంపల్లి సోమశేఖరశర్మ ఒకరు. ఆయనకు కళాశాల పట్టములు లేవు. చదువవలెనను ఆకలి మాత్రము ఉండెను. లక్ష్మణరావుగారు ఆయన చేతికి గ్రంథముల నిచ్చి, శాసనములను చదువు విధమును నేర్పి, విజ్ఞానసర్వస్వపు పనిలో చేర్చుకొనిరి. ఆ యువకుడే తరువాత రెడ్డిరాజ్యముల చరిత్రను పరిశోధించి, చరిత్రకారులలో అగ్రగణ్యుడై, పట్టభద్రులకు విశ్వవిద్యాలయమున బోధించు స్థానము నందుకొనెను. లక్ష్మణరావుగారి దృష్టి వ్యక్తి చేతనున్న యోగ్యతాపత్రము మీద నిలిచెడిది కాదు. అతడు ఏమి చదివెనో, ఎట్లు చదివెనో దానిమీదనే నిలిచెడిది. బడికి పోని అక్క ఎంతటి గ్రంథము వ్రాసెనో ఆయన కన్నులార చూచినవాడు కదా!

విజ్ఞానసర్వస్వము మూడు సంపుటములు వెలువడెను. కాని ఆ మూడు సంపుటములలోను నడచినది అకారము మాత్రమే. ప్రపంచయుద్ధపు దినములలో కాగితపు వెల పెరిగెను. ధనము చాలదయ్యెను. వ్యాసములు కోరినవారు పంపుట ఆలస్యమయ్యెను. ఒక్కడే పదిమంది పని చేయుటవలన లక్ష్మణరావుగారి ఆరోగ్యము చెడెను. అయినను ఆయన శాసనముల నకళ్లను సేకరించుట మానలేదు. తెలుగుదేశమును గూర్చిన విషయముల నన్నిటిని సమగ్రముగా కూర్పవలెనని ఆయన గాఢమైన కోరిక.

ఆ కోరిక తీరలేదు. 1923వ సంవత్సరము జూలై 12వ తేదీన మదరాసు నగరమున లక్ష్మణరావు పంతులు పరమపదించిరి. అప్పటికి ఆయన వయస్సు నలువదియారేండ్లు మాత్రమే. ఆయన చెదురుమదురుగా వ్రాసిన పరిశోధనల నేర్చి కూర్చి లక్ష్మణరాయ వ్యాసావళి యను పేరుతో ప్రకటించిరి.

మధ్యలో నిలిచిన మహాగ్రంథమును కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మరల చేపట్టిరి. అమృతాంజనము అమ్మి గడించిన ధనమును దానికై వెచ్చించి, మొదటినుండి సంస్కరించి కొన్ని సంపుటములను ముద్రింపించిరి. 1938లో ఆయనయు గతించుటచే రెండవమారును పని నిలిచిపోయెను. 1947లో మదరాసున ఏర్పడిన తెలుగు భాషాసమితి అక్షరక్రమమును విడిచి, చరిత్రకు ఒక సంపుటము, భౌతికశాస్త్రమునకు ఒక సంపుటము, ఈ విధమున విషయక్రమమును అవలంబించి విజ్ఞానసర్వస్వమును వెలువరించెను. ఒక విషయము ఆలస్యమైనను వేరొకటి ఆగనక్కరలేకుండ ఏర్పాటు జరిగెను. హైదరాబాదునందు మాత్రము మరికొందరు పెద్దలు అకారాదిక్రమమునే పట్టుకొని సంగ్రహాంధ్ర విజ్ఞానకోశమును ఎనిమిది సంపుటములుగా నడిపిరి. తెలుగు భాషాసమితివారి పనిలో పాల్గొన్న పండితులలో, నలువదియేండ్ల క్రిందట వేదవిలాసమున లక్ష్మణరావుగారి చెంత కూర్చుండి అకారపు పుటలకై శ్రమించిన సోమశేఖరశర్మగారును ఉండిరి.